హాలీవుడ్ పావురం, విజయనగరం గొంతు

‘స్వర్గసీమ’ సినిమాలోని పావురమా పాటను మా విజయనగరంలో పాతతరం వాళ్లు ఇప్పటికీ ఒక తీరున పాడతారు. మాటలున్న చోట గొంతు తగ్గిస్తారు. మాటలు లేకుండా భానుమతి తీసే ఆ రాగం దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకుని గొంతు విప్పుతారు. పాటకు ప్రాణం అక్కడే ఉందని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. మన కచేరీల్లో వినే ఆలాపనకు అది దగ్గరగా ఉంటుంది గానీ అచ్చంగా ఆలాపన కాదు. బొబ్బిలి వీణ మీద పుట్టినదీ కాదు, జముకు వెంట వచ్చినదీ కాదు. దూరదేశపు గాలి ఏదో అందులో ఉంటుంది.

ఆ గాలి వీచిన చోటు తెలుసుకోవాలంటే 1941 నాటి ఒక హాలీవుడ్ సినిమా చూడాలి. పేరు ‘బ్లడ్ అండ్ శాండ్’. ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ వారు టెక్నికలర్‌లో తీశారు. దర్శకుడు రూబెన్ మమూలియన్. ఎద్దులతో పోరాడే స్పెయిన్ కుర్రవాడుగా టైరోన్ పవర్, అతని భార్యగా లిండా డార్నెల్, అతన్ని వలలో వేసుకునే ధనికురాలు దోన్యా సోల్‌గా రీటా హేవర్త్. స్పెయిన్ మహా చిత్రకారులు ఎల్ గ్రెకో, గోయా, వెలాస్కెత్ వేసిన బొమ్మల్ని తలుచుకుంటూ మమూలియన్ ఒక్కో దృశ్యానికి రంగులు పట్టించాడు. సెట్లోకి రంగులు చిమ్మే పరికరం పట్టుకుని వెళ్లి, తనకు నచ్చని చోట తానే రంగు కొట్టేవాడట. ఆ ఏడాది రంగుల ఛాయాగ్రహణానికి ఆస్కార్ ఆ సినిమాకే వచ్చింది. ఈనాటికీ దాన్ని చూస్తుంటే కథ కంటే ముందు ఎరుపు గుర్తుండిపోతుంది.

అందులో ఒక రాత్రివేళ గిటారు మోగుతుండగా రీటా హేవర్త్ స్పానిష్ పాట పాడుతుంది. ‘వెర్దే లూనా’, అంటే పచ్చని చందమామ. కూర్చింది విసెంటె గోమెజ్ అనే గిటారు విద్వాంసుడు. మాటల మధ్య ఆ గొంతు ఊగి, జారి, పైకి లేస్తుంది. మన వాళ్లను పట్టుకున్నది ఆ ఊపే. ‘స్వర్గసీమ’ పావురం పాట బాణీకి ఆ హాలీవుడ్ పాటే ప్రేరణ అని మన సినీ చరిత్ర రాసినవారు చెబుతూనే ఉన్నారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. అక్కడి పాటను ఇక్కడికి యథాతథంగా దింపేసుకోలేదు. ఊపిరి అక్కడిదే, పలుకు మాత్రం మనది.

నేను చెప్పదలచిన కథ మాత్రం బాణీ గురించి కాదు. ఆ రాత్రి తెర మీద పాడింది రీటా హేవర్త్ కాదు. గొంతు గ్రాసియేలా పారాగా అనే గాయనిది. రీటా పెదవులు కదిపింది, అంతే. ‘గిల్డా’ (1946)లో ప్రపంచమంతా మురిసిపోయిన ఆమె పాటలదీ అదే సంగతి. అక్కడ గొంతు అనితా ఎల్లిస్‌ది. రీటా అద్భుతంగా నాట్యం చేసేది, నటించేది, కెమెరా ముందు దీపంలా వెలిగేది. పాట మాత్రం దాదాపు ఎప్పుడూ అరువే.

ఇక్కడ మద్రాసులో భానుమతి తన పాట తానే పాడుకుంది. అరువు గొంతుతో హాలీవుడ్ పాడించిన పాట, సొంత గొంతున్న మన నటి నోట మళ్లీ పుట్టింది. నటి దేహాన్నీ గాయని గొంతునూ విడదీసిన ఆ ఉపాయం హాలీవుడ్‌లో ఎలా పుట్టిందో, మన దాకా ఎలా వచ్చిందో, చివరికి విజయనగరం సంగీత పాఠశాలలో చదివిన ఇద్దరి చేతుల్లో ఎంత పెద్ద కళ అయిందో తెలుసుకుంటే పాత హాలీవుడ్ సినిమాలు చూసే కన్నే మారిపోతుంది. నాకైతే మారింది.

*

1927 అక్టోబరు 6న వార్నర్ బ్రదర్స్ వారి ‘ది జాజ్ సింగర్’ విడుదలైంది. ఆల్ జోల్సన్ పాటలు, నాలుగు మాటలు తెరమీంచి వినిపించాయి. బొమ్మ ఒకచోట, ధ్వని పక్కనే తిరిగే పెద్ద గ్రామఫోను పళ్లెం మీద. ఆ పద్ధతికి వైటాఫోన్ అని పేరు. జనం వెర్రెత్తిపోయారు. స్టూడియోలు రాత్రికి రాత్రి మాటల సినిమాల వెంట పడ్డాయి.

కష్టాలు ఆ వెంటనే మొదలయ్యాయి. కెమెరా తిరుగుతుంటే గరగర శబ్దం వస్తుంది, మైకు దాన్ని కూడా పట్టేస్తుంది. అందుకని కెమెరానూ కెమెరామన్‌నూ కలిపి గాలి చొరని గదిలో పెట్టి తలుపు మూశారు. లోపలి ఉక్కకు మనిషి సొమ్మసిల్లేవాడు. మూగ సినిమాల కాలంలో గుర్రాల వెంట, రైళ్ల వెంట పరుగులు తీసిన కెమెరా ఇప్పుడు కదలలేదు. ఆర్క్ దీపాలు బుస్సుమంటాయి గనక వాటినీ మార్చారు. మైకును పూలకుండీలో దాచేవారు, నటులు ఆ కుండీ చుట్టూనే తిరుగుతూ మాట్లాడేవారు. పాట కావాలంటే వాద్యబృందమంతా సెట్ పక్కనే కూర్చుని వాయించాలి. ఒకరు తప్పు చేస్తే మొత్తం మళ్లీ మొదటి నుంచి.

ఈ తంటాలన్నీ చూడాలంటే ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ (1952) చూడండి. ఎంజీఎం వారి సినిమా, జీన్ కెల్లీ, స్టాన్లీ డోనెన్ దర్శకులు. మూగ సినిమాల అందగత్తె లీనా ముందు పొదలో మైకు పెడతారు. ఆమె తల ఇటు తిప్పితే మాట వినబడుతుంది, అటు తిప్పితే మాయమవుతుంది. మైకును తీసి ఆమె బట్టల్లో దాస్తే గుండె చప్పుడు వినిపిస్తుంది. మనం పగలబడి నవ్వుతాం. కానీ పాతికేళ్ల కింద అదే స్టూడియోల్లో, నిజంగానే, తిండీ నిద్రా మాని ఆ తిప్పలు పడ్డవాళ్లు తీసిన సినిమా అది. వాళ్ల జ్ఞాపకం అందులో ఉంది. అందుకే ఎన్నిసార్లు చూసినా పాతబడదు.

‘బ్లడ్ అండ్ శాండ్’ తీసిన మమూలియన్ ఈ ధ్వని కథలో ముందు నుంచీ ఉన్నవాడే. నాటకరంగం నుంచి వచ్చి 1929లో ‘అప్లాజ్’ అనే తన మొదటి సినిమా పారామౌంట్ వారి న్యూయార్క్ స్టూడియోలో తీశాడు. హెలెన్ మోర్గన్ అందులో ఆటశాలల్లో పాడే వయసు మళ్లిన గాయని. ఒక రాత్రి తల్లి మెల్లగా జోలపాట పాడుతుంటుంది, కూతురు మంచం మీద గుసగుసగా ప్రార్థన చేసుకుంటుంది. రెండూ ఒకేసారి వినిపించాలని మమూలియన్ పట్టుబట్టాడు. ఒక మైకు పెడితే పాట ప్రార్థనను మింగేస్తుంది. సాంకేతికులు కుదరదన్నారు. ‘రెండు మైకులు పెట్టండి, విడివిడిగా పట్టండి, తర్వాత కలపండి’ అన్నాడాయన. అలా కలపడం అప్పటికి అలవాటు లేని పని. గొడవ పడి, పై అధికారి దాకా వెళ్లి, చివరికి చేయించాడు. వచ్చిన ఫలితం చూశాక ఎవరూ మారు మాట్లాడలేదు. ధ్వనిని బొమ్మకు కట్టేసిన తాడు మొదటి పోగు అక్కడ తెగిందని నా అభిప్రాయం.

రెండో పోగు కూడా ఆ 1929లోనే తెగింది, ఎంజీఎంలో. ‘ది బ్రాడ్వే మెలొడీ’ వాళ్ల తొలి మాటల గేయచిత్రం. అందులో ‘వెడ్డింగ్ ఆఫ్ ద పెయింటెడ్ డాల్’ అనే నాట్య సన్నివేశం ఉంది, రెండు రంగుల టెక్నికలర్‌లో. నిర్మాణ బాధ్యుడు ఇర్వింగ్ థాల్‌బర్గ్ దాన్ని చూసి పెదవి విరిచాడు. వేదిక మీది నాటకాన్ని కదలకుండా చూస్తున్నట్టుంది, మళ్లీ తీయమన్నాడు. మళ్లీ తీయడమంటే వాద్యబృందాన్ని మళ్లీ పిలవాలి, మళ్లీ డబ్బు. ధ్వని విభాగం చూసే డగ్లస్ షియరర్ ఒక ప్రశ్న వేశాడు: పాట బాగానే వచ్చింది కదా, బొమ్మే కదా బాగోలేదు, బొమ్మ ఒక్కటే మళ్లీ తీస్తే పోదా?

ముందే పట్టిన పాటను సెట్లో లౌడ్‌స్పీకర్ల మీద మోగించారు. నాట్యకత్తెలు దానికి అనుగుణంగా ఆడారు. మైకు లేదు కాబట్టి కెమెరా గది తలుపులు తీసేశారు, కెమెరాకు మళ్లీ కాళ్లొచ్చాయి. తర్వాత బొమ్మనూ ధ్వనినీ ప్రయోగశాలలో జతచేశారు. ఆ సినిమా ఉత్తమచిత్రంగా ఆస్కార్ గెలిచింది. మాటల సినిమాకు ఆ గౌరవం రావడం అదే మొదలు. ఈ డగ్లస్ షియరర్ నటి నార్మా షియరర్ అన్న. ఆమె థాల్‌బర్గ్ భార్య. ఖర్చు తగ్గించుకోవడానికి ఇంటి మనుషుల మధ్య తట్టిన ఆలోచన లోకంలో పాటల సినిమాలన్నిటి దారీ మార్చేసింది.

ప్లేబ్యాక్ అంటే అప్పటికి అదే: పట్టిన పాటను వెనక్కి మోగించడం. పాడినవాళ్లే ఆడటం. అయితే పాట ముందుగా ఒకచోట, బొమ్మ తర్వాత ఇంకొకచోట అయ్యాక, పాడే మనిషీ కనిపించే మనిషీ ఒక్కరే కావాలన్న నియమం ఎక్కడుంది? ఆ సందులోంచే రీటా హేవర్త్‌కు గ్రాసియేలా గొంతు వచ్చింది.

హాలీవుడ్ ఆ సంగతిని బయటికి పొక్కనివ్వలేదు. అక్కడ స్టార్ అంటే స్టూడియో తయారుచేసిన సరుకు. రీటా అసలు పేరు మార్గరీటా కార్మెన్ కన్సీనో. కొలంబియా వారు పేరు మార్చారు, జుట్టు రంగు మార్చారు, నుదుటి మీది జుట్టు సరిహద్దు కూడా వెనక్కి జరిపించారు. ఏళ్ల తరబడి ఒప్పందం. పక్క స్టూడియోకు కావలసివస్తే అద్దెకిచ్చేవారు. ‘బ్లడ్ అండ్ శాండ్’కు ఆమె ఫాక్స్‌కు అలా వెళ్లినదే. ఇంత శ్రమపడి కట్టిన బొమ్మకు గొంతు వేరొకరిదని తెలిస్తే బొమ్మ విరుగుతుందని వాళ్ల భయం.

*

మనకు ఆ భయం ఎందుకు లేదు? తెర వెనక గొంతు మనకు కొత్తది కాదు కాబట్టి. తోలుబొమ్మలాటలో తెర మీద రాముడు ఆడుతుంటే తెర వెనక మనిషి పాడతాడు. చూసేవాడు రాముణ్ణే చూస్తాడు, తెల్లారాక గొంతు బాగున్నవాడి పేరు చెప్పుకుంటాడు. రెండూ ఒకేసారి మనసులో పడతాయి, ఒకదాన్నొకటి చెరపవు. హరికథలో దానికి పూర్తిగా తలకిందులు: ఒకే మనిషి, అన్ని గొంతులూ అతనివే. విజయనగరం ఆదిభట్ల నారాయణదాసు గజ్జె కట్టి నిలబడితే రుక్మిణీ ఆయనే, కృష్ణుడూ ఆయనే. గొంతుకూ దేహానికీ మధ్య లంకె ఎలా వేయాలో, ఎలా విప్పాలో మన ప్రేక్షకుడికి సినిమా కంటే ముందే తెలుసు.

మనదేశంలో ఈ ఉపాయం మొదట కుదిరింది కలకత్తా న్యూ థియేటర్స్‌లో. దర్శకుడు నితిన్ బోస్ ఒకరోజు స్టూడియోకు తీసుకెళ్లడానికి పంకజ్ మల్లిక్ ఇంటికి వచ్చి కారు హారన్ కొడితే ఆయన పలకలేదట. లోపల గ్రామఫోను మీద ఇంగ్లీషు పాట మోగుతోంది, పంకజ్ మల్లిక్ దానితో గొంతు కలిపి పాడుకుంటున్నాడు. రికార్డు పాటకు మనిషి నోరు కదపడం చూసిన నితిన్ బోస్‌కు ఆలోచన మెరిసిందని చెప్పుకుంటారు. 1935లో బెంగాలీ ‘భాగ్యచక్ర’, దాని హిందీ రూపం ‘ధూప్ ఛావోఁ’ అలా వచ్చాయి. సంగీతం ఆర్.సి. బోరాల్, పంకజ్ మల్లిక్. ధ్వని పట్టింది నితిన్ బోస్ తమ్ముడు ముకుల్ బోస్.

ఇక్కడ మన సాలూరు కథలోకి వస్తుంది. సాలూరు దగ్గరి శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు పదమూడేళ్ల వయసులో ‘శ్రీకృష్ణలీలలు’ (1935)లో కృష్ణుడు. వేమూరి గగ్గయ్య కంసుడు. అప్పటికి మన దగ్గర ప్లేబ్యాక్ లేదు. కృష్ణుడు ఆడుతూనే పాడాలి, వాద్యాల వాళ్లు కెమెరా కంటికి ఆనకుండా చెట్టు చాటునో తెర చాటునో కూర్చుని వాయించాలి. ఆ రోజుల మద్రాసు స్టూడియోల్లో కాకుల్ని తోలడానికి ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకునేవారు. మంచి శ్రుతిలో పద్యం సాగుతుంటే ఒక్క కాకి అరిస్తే చాలు, ఆ ఫిల్మంతా దండగ. ఆ పిల్లవాడు తర్వాత కలకత్తా వెళ్లి పంకజ్ మల్లిక్, బోరాల్, సైగల్‌ల దగ్గర పాటను వేరుగా పట్టే లోకాన్ని చూసి వచ్చాడు. సెట్లో గొంతు చించుకున్న పిల్లవాడే పెద్దయ్యాక చెవి దగ్గర గుసగుసలాడే లలిత సంగీతానికి పెద్దదిక్కు కావడం వట్టి కాకతాళీయమని నేననుకోను. మైకు దగ్గర నిలబడి నెమ్మదిగా పాడవచ్చని తెలిసినవాడికే ఆ సంగీతం తోస్తుంది.

తెలుగులో తెర వెనక పాట 1943లో ‘భాగ్యలక్ష్మి’తో వచ్చింది. కమలా కోట్నీస్‌కు రావు బాలసరస్వతి పాడారు. మరుసటేడు ‘తాసిల్దార్’లో ఎం.ఎస్. రామారావు పాడారు. ఆ తర్వాత బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ వచ్చింది.

‘స్వర్గసీమ’ను నేను ఒక కూడలిగా చూస్తాను. కథ: వీధిలో ఆడిపాడే సుబ్బిని ఒక పత్రికా సంపాదకుడు చేరదీసి నాటకరంగంలో సుజాతగా నిలబెడతాడు. ఆ మోజులో భార్యను వదిలేస్తాడు. మట్టిలోంచి ఆడమనిషిని మలిచే మగవాడి కథ గనక బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ ఛాయలున్నాయని విమర్శకులు అన్నారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. సంపాదకుడు నాగయ్య, సుబ్బి భానుమతి. ఇద్దరూ సొంత గొంతుతో పాడేవాళ్లే. కెమెరా మార్కస్ బార్ట్‌లీ, కథాచిత్రానికి ఆయనకదే మొదలు.

పావురం పాట వెనక ఇంకొక దాగిన పేరుంది. ఆ పాట కట్టింది బాలాంత్రపు రజనీకాంతరావు. అప్పుడాయన మద్రాసు ఆకాశవాణిలో ఉద్యోగి కాబట్టి సోదరుడు నళినీకాంతరావు పేరు మీద ఆ పని చేశారు. హాలీవుడ్‌లో ఆ పాట పాడిన మనిషి కనబడలేదు. ఇక్కడ పాడిన మనిషి కనబడింది, కట్టిన మనిషి కనబడలేదు.

అదే సినిమాలో మరొక కొత్త గొంతు తెర వెనక నిలబడింది. ఘంటసాల వెంకటేశ్వరరావు నేపథ్యగాయకుడైంది ‘స్వర్గసీమ’తోనే. సొంతంగా పాడే తరం, అరువిచ్చే తరం ఒకే చిత్రంలో ఒకరి భుజం ఒకరికి తగిలేలా నడిచాయి.

*

ఇక ఆ గొంతు తయారైన చోటు చెప్పాలి.

విజయనగరం కోట ప్రాంతంలో సంగీత కళాశాల ఉంది. 1919 ఫిబ్రవరి 5న విజయరామ గానపాఠశాలగా మొదలైంది. పెట్టిన కారణం వింటే మనసు కరుగుతుంది. మహారాజు ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి అబ్బాయి అంధుడు. ఆ పిల్లవాడికి సంగీతం నేర్పించాలన్న తలంపుతో పూసపాటి విజయరామ గజపతిరాజు ఏకంగా ఒక బడే పెట్టించారు. చూపు లేని పిల్లవాడి కోసం పుట్టిన బడి అది. నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. చేరడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయులీనం విని, విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా తీసుకున్నారు. 1936లో దాసుగారి తర్వాత ద్వారం వారే అధ్యక్షులయ్యారు. ఆయనకూ చూపు మందమే.

ఆ బడికి కృష్ణా జిల్లా చౌటపల్లి నుంచి ఒక కుర్రవాడు చేతి ఉంగరం అమ్ముకుని వచ్చాడు. తండ్రి లేడు. సంగీతం నేర్చుకోమన్నది తండ్రి చివరి కోరిక. తీరా వస్తే సెలవులు. ఊళ్లో వారాలు చేసుకున్నాడు. ఆ అన్నమూ పోయాక సాలూరు చినగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి అక్కున చేర్చుకుని పాఠం చెప్పారు. గురువుగారిదీ కలిగిన సంసారం కాదు. కుర్రవాడు జోలె కట్టి ఇంటింటికీ మధుకరానికి వెళ్లేవాడు. ‘భవతి భిక్షాందేహి’ అని గొంతెత్తితే ఇంట్లోంచి ఇల్లాలు ముద్ద తెచ్చి వేసేది. మా ఊరి వీధులు ఘంటసాల గొంతును మొదట విన్నది అలా. ఆ ముద్దలు పెట్టిన ఇల్లాళ్ల పేర్లు ఎక్కడా నమోదు కాలేదు. విజయనగరం మీద నాకున్న గర్వంలో పెద్ద పాలు వాళ్లదే.

ఆ గొంతు అక్కడ నేర్చినది శాస్త్రీయ సంగీతం. సినిమా అడిగింది మరొకటి: ఇంకొకరి ముఖానికి అతికే గొంతు. ఘంటసాల ఎన్.టి. రామారావుకు పాడినప్పుడు ఒకలా, అక్కినేని నాగేశ్వరరావుకు పాడినప్పుడు ఇంకొకలా వినిపిస్తారు. ‘మల్లీశ్వరి’ (1951)లో రాజేశ్వరరావు సంగీతానికి భానుమతి తన ముఖంతో తాను పాడుతుంటే పక్కన రామారావు ముఖంలోంచి ఘంటసాల పాడతారు. సాలూరు చెయ్యి, విజయనగరం పాఠం, సగం సొంతం సగం అరువు. అతుకు ఎక్కడా కనబడదు. ఆ సినిమాను ఈ ఒక్క సంగతి కోసం మళ్లీ చూడండి.

తర్వాతి మలుపు అనుకోకుండా వచ్చింది. విజయావారు ‘మిస్సమ్మ’ (1955) మొదలుపెట్టినప్పుడు నాయిక భానుమతి. కొన్ని రీళ్లు తీశాక ఆమెకూ నిర్మాతలకూ పొసగలేదు, ఆ వేషం సావిత్రికి వచ్చింది. భానుమతి ఉండి ఉంటే పాటలు ఆమే పాడుకునేది. సావిత్రి గాయని కాదు కాబట్టి పి. లీల గొంతు కావలసివచ్చింది. రెండో నాయిక జమునకు పాడింది ఇరవై ఏళ్లయినా నిండని అమ్మాయి, పులపాక సుశీల. విజయనగరంలో 1935లో పుట్టి, అదే సంగీత కళాశాలలో డిప్లొమా తీసుకుని, ఆకాశవాణి ద్వారా పెండ్యాల నాగేశ్వరరావు కంటబడి, 1953లో ‘కన్నతల్లి’తో సినిమాల్లోకి వచ్చింది. ‘మిస్సమ్మ’కు సంగీతం రాజేశ్వరరావుదే. తన పాట తానే పాడుకునే నాయిక ఆ సినిమా నుంచి తప్పుకోవడంతో ఒక కాలం కూడా పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత తెలుగు నాయికకు గొంతు వేరుగా ఉండటమే రివాజయింది.

సుశీల కథలో హాలీవుడ్ స్టూడియో వాసన బాగా తగిలే చోటు ఏవీఎం. ఆ స్టూడియో ఆమెను నెలజీతం మీద ఒప్పందంలోకి తీసుకుంది. తమిళ పలుకు దిద్దడానికి ఒక ఉపాధ్యాయుణ్ణి పెట్టింది. ఎంజీఎం, కొలంబియా తమ తారలకు నడక, నాట్యం, ఉచ్చారణ నేర్పించినట్టే. తేడా ఒక్కటే, అక్కడ ముఖాన్ని చెక్కారు, ఇక్కడ గొంతును చెక్కారు. ఫలితం తెలుగువాళ్లకంటే ముందు తమిళులే లోకానికి చాటారు. ఉత్తమ గాయనికి మొట్టమొదటి జాతీయ పురస్కారం 1968 సంవత్సరానికి ‘ఉయర్‌న్ద మనిదన్’ తమిళ పాటకు సుశీలకే వచ్చింది.

*

అదే కాలంలో హాలీవుడ్‌లో మార్నీ నిక్సన్ ఉంది. ‘ది కింగ్ అండ్ ఐ’ (1956)లో డెబొరా కెర్ పాటలు ఆమెవి. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ (1961)లో నటాలీ వుడ్ పాటలు ఆమెవి. ‘మై ఫెయిర్ లేడీ’ (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటల్లో ఎక్కువ భాగం ఆమెవే. తెర మీద పేరు లేదు. ఎవరికైనా చెబితే ఈ ఊళ్లో మళ్లీ పని దొరకదని స్టూడియో హెచ్చరించినట్టు ఆమే తర్వాత చెప్పుకుంది.

‘మై ఫెయిర్ లేడీ’ షా ‘పిగ్మేలియన్’ నుంచి వచ్చిందే. వీధిలో పూలమ్మే పిల్లను దొరసానిగా మలచడం కథ, మాట తీరు మార్చడం అందులో అసలు పని. గొంతు మార్చే కథలో నాయిక గొంతునే మార్చేశారు. హెప్‌బర్న్ తన పాటలు తాను పాడి పట్టించింది. వాటిని పక్కన పెట్టి మార్నీ గొంతు వేశారు. అదే సినిమాలో రెక్స్ హారిసన్ ముందే పట్టిన పాటకు పెదవులు కదపనని భీష్మించాడు. ఆయన టైలో తీగ లేని చిన్న మైకు దాచి, సెట్లోనే పాడించి పట్టారు. ఒకరు సొంతం, ఒకరు అరువు. నాకు ఆ సినిమా చూసినప్పుడల్లా ‘స్వర్గసీమ’ గుర్తుకొస్తుంది. వీధిపిల్ల సుబ్బిగా భానుమతికి తన గొంతు తనకు దక్కింది. పూలమ్మే ఎలిజాగా ఆడ్రీ హెప్‌బర్న్‌కు దక్కలేదు.

ఆ చిత్రానికి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ధ్వనికి కూడా వచ్చింది. హెప్‌బర్న్‌ను పోటీకి కూడా ఎంపిక చేయలేదు. గొంతు తనది కాదన్న గుసగుస ఊరంతా పాకడమే కారణమని చాలామంది అన్నారు. నష్టపోయింది ఇద్దరూ. పాడినామెకు పేరు రాలేదు, ఆడినామెకు మన్నన రాలేదు. దాచడం వల్ల వచ్చిన చేటు ఇది. మన దగ్గర తర్వాత సావిత్రికి ఎన్నో పాటలు పాడింది సుశీల అని ఊరందరికీ తెలుసు. అందువల్ల సావిత్రి ఒక్క వీసమైనా తగ్గలేదు. రేడియోలో పాటకు ముందు పాడినవాళ్ల పేరు చెప్పేవారు. విజయనగరం గంటస్తంభం దగ్గర టీకొట్టులో పాట వస్తుంటే ‘ఇది మన సుశీలమ్మ’ అనేవారు తప్ప తెర మీద ఎవరున్నారని అడిగేవారు కాదు.

ఇంతకీ ‘సింగింగ్ ఇన్ ద రెయిన్’ గుట్టు ఒకటి మిగిలిపోయింది. ఆ కథలో లీనా గొంతు కీచుగా ఉంటుంది కాబట్టి తెర వెనక నుంచి క్యాథీ అనే అమ్మాయి పాడుతుంది, మాట్లాడుతుంది. చివర్లో తెర లేపేసరికి అసలు గొంతు ఎవరిదో లోకానికి తెలుస్తుంది, క్యాథీకి న్యాయం జరుగుతుంది. క్యాథీ వేషం డెబీ రెనాల్డ్స్‌ది. సినిమాలో క్యాథీ లీనా కోసం ‘వుడ్ యూ’ పాట పాడే చోట నిజంగా పాడింది డెబీ కాదు, బెటీ నోయెస్. క్యాథీ లీనాకు మాటలు అరువిచ్చే చోట వినిపించేది లీనా వేషం వేసిన జీన్ హేగన్ సొంత గొంతే. ఆమె అసలు మాట ఎంతో మధురం. అరువు గొంతుకు న్యాయం చేయమని చెప్పిన సినిమా కూడా బెటీ నోయెస్ పేరు తెర మీద వేయలేదు. నేను ఆ సినిమాను ప్రాణంగా ప్రేమిస్తాను. ప్రేమిస్తూనే ఆ పాట వచ్చినప్పుడు బెటీ పేరు పైకి అనుకుంటాను. మా ఇంట్లో పిల్లలకు ఆ అలవాటు చేశాను.

మార్నీ నిక్సన్‌ను జనం తెర మీద చూసింది ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965)లో, మఠంలోని సన్యాసినుల్లో ఒకరిగా, కాసేపు. తర్వాతి దశాబ్దాల్లో ఆమె కథ అందరికీ తెలిసింది, పుస్తకం వచ్చింది, వేదికల మీద తన పేరుతో తాను పాడింది. 2016 జులైలో కన్నుమూసింది. ఆ ఏడాదే సుశీల పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది, ఆరుకు పైగా భాషల్లో 17,695 పాటలతో. ఆ లెక్కలో సినిమా పాట ప్రతిదీ ఇంకెవరి ముఖానికో ఇచ్చినదే, ప్రతి పాటకూ పేరు మాత్రం సుశీలదే.